తొమ్మిదో రాయి

కోటగుంట అభ్రకం గని, గూడూరు తాలూకా
7 ఫిబ్రవరి 1954

చిరంజీవి దేవరాజులుకు,

అక్క చెంగమ్మ దీవించి రాస్తున్నది. నువ్వూ రాజలక్ష్మీ బాగున్నారనుకుంటాను. నేను బాగానే ఉన్నాను, అంటే కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, కాకిబంగారం రేకులు చీల్చి పొట్ట పోసుకుంటున్నాను. వేళ్లకు ఎప్పటిలాగే గాట్లు, కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు. మొన్న అక్టోబరులో రాష్ట్రం విడిపోయినప్పటి నుంచి పక్కింటి పొన్నుతాయి నన్ను ఒకటే ఆటపట్టిస్తోంది. "మీ తమ్ముడు ఆ మద్రాసులోనే చిక్కుకున్నాడు గదా మే, ఇంక తెలుగులో జాబు రాస్తాడా, మర్చిపోతాడా?" అని. మర్చిపోలేదని ఆమెకు చూపించడానికైనా వెంటనే జవాబు రాయి.

అసలు సంగతికి వస్తాను. ఈ జూన్ పదకొండుకు రెండో నంబరు గని పేలి ఆరేళ్లు నిండుతాయి. ఆ గని నోటి దగ్గర ఒక నల్లరాయి నిలబెట్టి, పోయిన ఐదుగురి పేర్లూ చెక్కించాలని కూలీలందరూ అనుకున్నారు. ఇక్కడ తెలుగు అక్షరం చెక్కేవాడు లేడు. మద్రాసులో నువ్వున్నావు, రైల్వే మనిషివి, చెక్కించి బండికి ఎక్కించగలవు అని నేనే చెప్పాను. మొన్న ఆదివారం మూసేసిన గని ముందర అందరం కూర్చున్నాం. పేర్లు నేను చదివాను. వేలు, యతిరాజులు, అమ్మాసి, తంగరాజ్. ఐదోది మీ బావ పేరు చదవబోతే వేలు వాళ్ల అన్న గోవిందసామి లేచాడు.

"నాలుగు పేర్లే. ఐదోది చంపినోడి పేరు. సచ్చినోళ్ల పక్కన చంపినోణ్ని ఎట్ట రాస్తారు?"

"నా మొగుడూ వాళ్లతోనే పోయినాడు గదా" అన్నాను.

"తొమ్మిది రాళ్లూ పడేసి, అన్నీ పేలినాయి దిగండని ఈల ఊదింది ఎవురు? నీ మొగుడు గాదా?"

కొత్తగా చేరినవాళ్లు ఆ రాళ్ల లెక్క ఏమిటని అడిగారు. నేనే లేచి చెప్పాను. బండలో తొమ్మిది బెజ్జాలు తొలిచి మందు కూరితే, మందు మేస్త్రి తొమ్మిది గులకరాళ్లు చేతిలో పట్టుకుని గని పైన నిలబడతాడు. వత్తులు ముట్టించాక ఒక్కో పేలుడుకు ఒక్కో రాయి కింద పడేస్తాడు. చెయ్యి ఖాళీ అయితేనే ఈల ఊదుతాడు. ఒక్క రాయి మిగిలినా లోపల పేలని మందు ఉన్నట్టే, మర్నాటి దాకా ఎవరూ దిగకూడదు. ఆ రోజు మీ బావ చెయ్యి ఖాళీ అయింది, ఈల ఊదాడు, అందరికంటే ముందు తానే దిగాడు. పావుగంటకు మందు పేలింది. విచారణకు వచ్చిన ఆఫీసరు మందు మేస్త్రి తప్పు అని రాసుకుని పోయాడు.

నేను చెబుతుంటేనే గోవిందసామి మీదికి వచ్చాడు. అడ్డం పోయిన పొన్నుతాయి మొగుణ్ని ఛాతీ మీద తన్నాడు. పాపం, ముసలాయనకు రెండు పక్కటెముకలు విరిగాయి, దగ్గితే అరుస్తున్నాడు.

తమ్ముడూ, ఐదుగురిని నాలుగు గంపల్లో పైకి తెచ్చారు. మీ బావ కుడిచేతికి చిటికెన వేలు లేదు కదా, దాన్నిబట్టి ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మిగతాది ఎవరిదో నేను అడగలేదు. ఆ మనిషికి పాడె సరిగ్గా లేకపోయింది, పేరైనా ఉండాలి. ఐదు పేర్లూ చెక్కించు.

నీ అక్క
చెంగమ్మ


పెరంబూరు, మద్రాసు
16 ఫిబ్రవరి 1954

అక్కకు దేవరాజులు నమస్కారాలు.

జాబు అందింది. పొన్నుతాయికి చెప్పు, తెలుగు మర్చిపోలేదు గానీ ఇంట్లో రాజలక్ష్మి తిట్లు మాత్రం సగం అరవంలో వింటున్నాను. ఆమె నీకు దండాలు చెప్పమంది.

ఇక్కడ వర్క్‌షాపులో నాకు పెద్ద సుత్తి దగ్గర పని. ఎర్రగా కాలిన ఇనుము మీద అది పడినప్పుడల్లా ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెడుతుంటాను. పెదాలు కదులుతాయట, తోటివాళ్లు చూసి నవ్వుతారు. మానుకోలేకపోతున్నాను.

మొన్న మా వీధి కుళాయి దగ్గర బిందెల వరస కోసం ఇద్దరు కొట్టుకున్నారు. ఒకడు చేపలు కోసే కత్తి తెచ్చి రెండోవాడి చెవి తెగనరికాడు. నేను ఆ చెవిని కాలవలోంచి తీసి గుడ్డలో చుట్టి ఇచ్చాను. మన తంగరాజ్ గుర్తొచ్చాడు. ఓవర్సీరు బెత్తం దెబ్బకు చెవి సగం ఊడి వేలాడుతుంటే వాడు దాన్ని చేత్తో పట్టుకునే వచ్చి పని పూర్తి చేశాడు కదా. ఆదివారం ప్రార్థనలో పాడేటప్పుడు ఆ పక్క తలకు గుడ్డ కట్టుకునేవాడు.

రాయి సంగతి. చింతాద్రిపేటలో రంగనాథం అని ఒకాయన ఉన్నాడు, కూవం నది ఒడ్డున షెడ్డు, అక్షరం ముత్యంలా చెక్కుతాడు. మాట్లాడాను. ఒప్పుకున్నాడు. కానీ అక్కా, నాకొక ఆలోచన వచ్చింది, కోపం తెచ్చుకోకు. ఇప్పటికి నాలుగు పేర్లు చెక్కించి, కింద చోటు వదిలితే ఎలా ఉంటుంది? గోవిందసామి మొరటువాడు. నువ్వు ఆ ఊళ్లో ఒంటరిగా ఉన్నావు. నాలుగేళ్లు పోతే వాళ్ల వేడి చల్లారుతుంది, అప్పుడు బావ పేరు నేనే దగ్గరుండి చెక్కిస్తాను. నీ క్షేమం కోసమే చెబుతున్నాను.

నీ తమ్ముడు
దేవరాజులు


కోటగుంట
25 ఫిబ్రవరి 1954

దేవరాజులుకు,

నీ జాబు చదివి పొయ్యిలో వెయ్యబోయి ఆగాను. చోటు వదలాలా? నా మొగుడి పేరుకు చోటు వదలాలా? పరాయివాళ్లు అంటే పడ్డాను. నువ్వు కూడా ఆయనే చంపాడని నమ్ముతున్నావని ఈ రోజే తెలిసింది.

నీకు ఆయన ఎవరో గుర్తు చేస్తాను. అమ్మాసి జ్వరంతో పనికి ఆలస్యంగా వచ్చాడని ఓవర్సీరు వాణ్ని గుంజకు కట్టించి కొట్టించాడు. వీపు మీద చర్మం పేలికలై లేచింది. అందరూ చూస్తూ నిలబడ్డారు, నువ్వూ నిలబడ్డావు. మీ బావ ఒక్కడే పార తీసుకుని పోయి ఓవర్సీరు దవడ మీద వేశాడు. మూడు పళ్లు నేల మీద పడ్డాయి. దానికి ఆయన్ని ఇరవై రోజులు కొట్లో పెట్టి చితకబాదారు, అక్కడే చిటికెన వేలు పోయింది. విడిచిన రోజు ఆయన చేతులకున్న కట్లు విప్పింది అమ్మాసి. ఎంత కొట్టినా నోరు తెరవని అమ్మాసి ఆ రోజు ఏడ్చాడు. యతిరాజులు ఉలి పట్టుకుంటే వేలు సమ్మెట వేసేవాడు, ఒక్కసారి గురి తప్పి యతిరాజులు మణికట్టు నుజ్జయితే ఆరు నెలలు వాడికి ముద్ద కలిపి పెట్టింది ఆ వేలే. వేలుకు నోటి దురుసు ఎక్కువ, ఎవరినీ వెక్కిరించకుండా వదిలేవాడు కాదు, కానీ చెయ్యి మంచిది. అందరూ కొట్టించుకున్నవాళ్లే, కొట్టినవాళ్లే. ఆ ఐదుగుర్నీ విడదీస్తే నేను ఒప్పుకోను.

మీ బావ నాతో సరిగ్గా ఉన్నాడా అంటే లేడు. పిలిస్తే పలకని మొండి మనిషి. నేను పొయ్యి దగ్గర నుంచి గొంతు చించుకున్నా గోడలా కూర్చునేవాడు. ఒకసారి ఒళ్లు మండి గరిటె విసిరాను. కణత చీలి నెత్తురు కారితే అప్పుడు తిరిగి నా మొహం చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంకా మండింది నాకు. అయినా ఆ మనిషి లెక్క తప్పేవాడు కాదని నా ప్రాణం చెబుతుంది.

ఆ రోజు ఆయన పక్కన ఉన్నవాడివి నువ్వొక్కడివే. ఎప్పుడూ ఆయన భుజం మీద చెయ్యేసి నిలబడేవాడివి, బావాబావమరుదులు ఆలుమగల్లా ఉన్నారని వేలు ఎగతాళి చేసేవాడు. నీకంటే బాగా ఎవరికి తెలుసు? ఏం చూశావో కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. అందరి ముందరా చదువుతాను. పంపకపోతే నాకు తమ్ముడు లేడనుకుంటాను.

చెంగమ్మ


పెరంబూరు
9 మార్చి 1954

అక్కకు నమస్కారం.

నేనూ నిలబడ్డానని రాశావు. నిజమే, నిలబడ్డాను. "నీకంటే బాగా ఎవరికి తెలుసు" అని ఎందుకు రాశావో కూడా నాకు అర్థమైంది. నీ మనసులో ఉన్నది సూటిగా అడిగితే బాగుండేది. నువ్వు అడగలేదు కాబట్టి నేనూ చెప్పడం లేదు.

ఐదు పేర్లకూ చెప్పేశాను. రంగనాథం నన్ను నిలేశాడు. "ఏమప్పా, మొదట్లో నాలుగన్నావు, ఇప్పుడు అయిదంటావు. గట్టిగా చెప్పు. రాయి మీద ఒకతూరి కొడితే తుడిచేదానికి లేదు, తెలుసునా?" అన్నాడు. అయిదే అని చెప్పాను. బావ పేరు మొదటి వరసలో పెట్టమన్నాను. వచ్చే నెల మొదటి వారానికి ఇస్తానన్నాడు. రాయి తెచ్చి ఇంట్లో పెడతానంటే రాజలక్ష్మి గొడవ పెట్టుకుంది. "సచ్చినోళ్ల పేర్లు ఇంట్లో పెట్టుకుంటే నాకు నిద్ర పడతాదా? ఆడనే ఉండనీ" అంటోంది. కాబట్టి బండికి ఎక్కించేదాకా రాయి రంగనాథం షెడ్డులోనే ఉంటుంది.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి, సుత్తి దగ్గర నిలబడితే చెమటకు చొక్కా ఉప్పు పట్టి అట్టలా అవుతోంది. నీ దగ్గర తాగే నీళ్లు ఎలా ఉన్నాయో రాయలేదు.

నువ్వడిగిన కాగితం కింద రాస్తున్నాను. చించి చదువు.

"కోటగుంట రెండో గనిలో పని చేసిన దేవరాజులు అనే నేను ప్రమాణంగా చెప్పేదేమంటే, ఆ రోజు ఆదిమూలం తప్పు ఏమీ లేదు. తన పని తాను సరిగ్గా చేశాడు. ఇది నేను పక్కన నిలబడి చూసినది. సంతకం, దేవరాజులు."

నీ తమ్ముడు


కోటగుంట
22 మార్చి 1954

చిరంజీవి దేవరాజులుకు అక్క దీవెనలు.

ఈ జాబు పొన్నుతాయి కూతురు చేత రాయిస్తున్నాను. నా కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. భయపడకు, ఎలా జరిగిందో చెబుతాను.

ముందు ఒక మాట. నాకు అర్థమైంది అని రాశావు, నీకేం అర్థమైందో నాకు అర్థం కాలేదు. నా మనసులో ఏమీ లేదు నాయనా. నువ్వు పక్కనున్నావు కాబట్టి సాక్ష్యం చెప్పమన్నాను, అంతే. కోపంలో ఏదో రాశాను, మనసులో పెట్టుకోకు.

పోయిన వారం ఆదివారం నీ కాగితం చదివాను. గోవిందసామి ఒక్కటే అడిగాడు.

"ఆదిమూలం తప్పు లేదు, సరి. మరి తప్పెవురిది?"

వత్తి చెమ్మగిల్లి ఉంటుందిలే అన్నాను.

"చెమ్మగిల్లితే ఒకటి పేలదు. పేలకుంటే రాయి మిగలాల. రాయి మిగల్లేదే! బావ గాబట్టి ఎనకేసుకొచ్చి రాసినాడు నీ తమ్ముడు. ఇది ఎవురికి తెలవదు?"

అందరూ వాడి మాటకు తల ఊపారు. నిజంగా రాయి మిగలలేదు కదా. నాకు తల కొట్టేసినట్టయింది. కోపంలో నేనూ నోరు జారాను. నువ్వు తల ఊపినా ఊపకపోయినా చింతాద్రిపేటలో రంగనాథం ఐదు పేర్లూ చెక్కేశాడు పో అన్నాను.

మర్నాడు పొద్దున వాడు గునపంతో వచ్చి నా ఇంటి తలుపు పొడిచి ఊడదీశాడు. మీ బావ పాత ఈల, కండువా, గోడకున్న మేకులతో సహా పీకి బయట పారేశాడు. ఈల కోసం నేను చెయ్యి చాపితే గునపం దించాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినపడింది. వాడు కూడా ఒక్క క్షణం నా చెయ్యి వంక చూశాడు. తర్వాత ఈలను కాలితో నలిపి వెళ్లిపోయాడు.

నిన్న వాడు మద్రాసు బండి ఎక్కాడట. రాయి పగలగొట్టి వస్తానని చెప్పి పోయాడు. నువ్వు జాగ్రత్త. రాయిని కాపాడు, అంతకంటే ముందు నిన్ను నువ్వు కాపాడుకో.

నీ అక్క
చెంగమ్మ


పెరంబూరు
2 ఏప్రిల్ 1954

అక్కకు,

నీ జాబు వచ్చిన రోజే పని మానేసి చింతాద్రిపేటకు పోయాను. అప్పటి నుంచి రోజూ రంగనాథం షెడ్డులోనే కాపలా ఉన్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం గోవిందసామి వచ్చాడు. ఎక్కడెక్కడ తిరిగి అడిగి కనుక్కున్నాడో, కాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి.

నాతో మాట్లాడలేదు. రాయి దగ్గరికి పోయి పేర్ల మీద చెయ్యి పెట్టి తడుముతూ నిలబడ్డాడు. చదువు రాదు కదా, ఏది ఎవరిదో తెలియదు. "మా వోడిది ఏది?" అని రంగనాథాన్ని అడిగాడు. ఆయన చూపించాడు. "ఆదిమూలంది?" అన్నాడు. ఆయన అదీ చూపించాడు, పాపం తెలియక. వెంటనే వాడు అక్కడున్న సుత్తి తీసి బావ పేరు మీద వేశాడు. మొదటి అక్షరం సగం ఎగిరిపోయింది.

నేను వాడి మీద పడ్డాను. ఎలా కొట్టుకున్నామో వరసగా చెప్పలేను. వాడు నా నెత్తి రాయికేసి కొట్టాడు. నేను వాడి చేతిని కొరికాను, నోట్లోకి మాంసం వచ్చింది. సుత్తి నా చేతికి చిక్కింది. మొహం మీద కొట్టాను. ఒకసారి కాదు అక్కా. రంగనాథమూ ఆయన మనుషులూ నన్ను లాగేసరికి వాడి ఎడమ కన్ను ఉన్నచోట కన్ను లేదు.

కింద పడి, ఒక చేత్తో ఆ గుంట మూసుకుని, వాడు నాతో ఒక్క మాట అన్నాడు. "నా తమ్ముడి తల నాకు దొరకలేదురా దేవరాజులూ. నాలుగు గంపలూ ఎతికినా."

ఆసుపత్రిలో చేర్చాను. పోలీసు వచ్చి అడిగితే, రాయి మీద జారి పడ్డానని గోవిందసామి చెప్పాడు. గనివాళ్ల గొడవ గనివాళ్లే చూసుకోవాలి కదా, ఆ పద్ధతి వాడు తప్పలేదు. నా పేరు చెప్పలేదు. కన్ను రాదన్నారు డాక్టర్లు.

నాకు తలకు ఆరు కుట్లు. అంతకంటే ఏమీ లేదు.

దేవరాజులు


కోటగుంట
8 ఏప్రిల్ 1954

చిరంజీవి, నా బంగారు తమ్ముడికి,

ఎడమ చేత్తో నేనే రాస్తున్నాను, కోడి గీకినట్టున్నా సరే. నీ జాబు నాలుగుసార్లు చదువుకున్నాను. మీ బావ పేరు కోసం నెత్తురు చిందించావు. గోవిందసామి కన్ను పోయినందుకు నేను సంతోషించాను, పాపమైతే నాకే రానీ. నాలుగు పేర్లు చాలన్నప్పుడు నిన్ను తప్పుగా అనుకున్నాను. నా తల కొట్టుకుంటున్నాను.

ఊళ్లో అందరికీ చెప్పాను. పొన్నుతాయి మొగుడు పక్కటెముకలు పట్టుకుని కూడా లేచి కూర్చున్నాడు. "నిజం లేకుంటే మనిషి అట్ట తెగబడతాడా? ఆదిమూలం తప్పు లేదనేది నిజమే అయుంటాది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఔనన్నారు. ఆరేళ్లలో మొదటిసారి తమ్ముడూ! నీ చేతుల వల్ల.

ఆ చేతులు చల్లగా ఉండాలి. ఆయన ఉంటే నిన్ను భుజానికెత్తుకునేవాడు.

నీ అక్క
చెంగమ్మ


పెరంబూరు
16 ఏప్రిల్ 1954

అక్కా,

ఇది ఒంటరిగా కూర్చుని చదువు.

నువ్వు తిడితే ఓర్చుకోగలిగాను. నా చేతుల్ని దీవించావు, అది ఓర్చుకోలేకపోయాను. ఆసుపత్రికి పోతే గోవిందసామి ఒంటి కన్నుతో పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. నేను వాణ్ని కొట్టింది అబద్ధం కోసం. వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. తప్పెవరిది అన్నాడు. నాది.

బావకు చెవులు వినపడేవి కావు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప లేదు. ఇరవై ఏళ్లు మందు పేల్చిన మనిషికి ఏం మిగులుతుంది? ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట అందుకునేవాడు. బయటపడితే మందు మేస్త్రి పని పోతుంది, మళ్లీ సమ్మెట పట్టాలి, కొట్లో చితగ్గొట్టిన ఆ భుజాలతో పట్టలేడు. నాకొక్కడికే చెప్పాడు. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. "మీ అక్క తిట్టినా పడతా గానీ, జాలి పడితే నేను బతకలేనురా" అన్నాడు.

అందుకని లెక్క నేను పెట్టేవాణ్ని. ఆయన వెనక భుజం మీద చెయ్యేసి నిలబడేది అందుకే. పేలుడు వినపడితే వేలితో నొక్కేవాణ్ని, నొక్కగానే ఆయన ఒక రాయి పడేసేవాడు. చూసేవాళ్లకు ఆయనే వింటున్నట్టుండేది. తప్పు రాకూడదని నేనూ రెండో చేతిలో తొమ్మిది రాళ్లు పట్టుకుని ఒక్కొక్కటే జారవిడిచేవాణ్ని. మూడేళ్లు తప్పు రాలేదు.

ఆ వారంలో రెండుసార్లు నా లెక్కకు ఒకటి తగ్గింది. నొక్కలేదు. బావ చేతిలో రాయి మిగిలింది, గని మూశారు. రెండుసార్లూ మర్నాడు చూస్తే అన్నీ పేలే ఉన్నాయి. రెండు కలిసి ఒక్కసారే పేలితే నాకు ఒకటిగా వినపడిందన్నమాట. వేలు ఊరుకుంటాడా? "మేస్త్రీ, చెవుల్లో కాకిబంగారం ఇరుక్కునిందా ఏంది?" అని అందరి ముందరా అడిగాడు. అందరూ నవ్వారు. ఓవర్సీరు మాత్రం నవ్వలేదు, బావ వంక అదోలా చూశాడు. ఆ సాయంత్రం బావ నన్ను పట్టుకుని తిట్టాడు. "నీకు చేతగాకుంటే చెప్పు, నా కూడు చెడగొట్టవాకు" అని.

ఆ పదకొండో తేదీ శుక్రవారం నాడు ఎనిమిది విన్నాను. ఆగాను. ఇంకోటి రాలేదు. ఓవర్సీరు అక్కడే నిలబడి బావ చెయ్యే చూస్తున్నాడు. ఏడోది కొంచెం బరువుగా వినపడింది, జంటే అయి ఉంటుంది అనుకున్నాను. తొమ్మిదోసారి నొక్కాను. బావ వెంటనే పడెయ్యలేదు. వెనక్కి తిరిగి నా మొహం చూశాడు, నిజమేనా అన్నట్టు. నేను తలూపాను. ఆయన రాయి పడేసి ఈల ఊదాడు.

నా తొమ్మిదో రాయి నా పిడికిట్లోనే ఉంది. పావుగంటకు యతిరాజులు ఉలి పెట్టిన చోట వేలు సమ్మెట వేశాడు. నేల నా కాళ్ల కింద ఎగిరింది. ఆ తొమ్మిదోది చాలా స్పష్టంగా విన్నాను. గని నోట్లోంచి పొగతో పాటు ఒక చెప్పు పైకొచ్చి నా ముందర పడింది, అందులో పాదం ఉంది.

బావ కోసమే చేశానని ఆరేళ్లు నన్ను నేను సముదాయించుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం, మళ్లీ తిట్లు పడటం ఇష్టం లేక చేశాను. లెక్కపెట్టింది ఎవరని ఆఫీసరు అడిగినప్పుడు నువ్వు గంపల పక్కన ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. నేను నోరు తెరవలేదు. పది రోజుల్లో మద్రాసు బండి ఎక్కాను.

రాయి ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఈ జాబు ఎవరికైనా చదువు, అందరికీ చదువు. నన్ను ఏం చేసినా సరే.

దేవరాజులు


కోటగుంట
27 ఏప్రిల్ 1954

దేవరాజులూ,

నీ జాబు వచ్చి వారమైంది. మూడు రోజులు ముద్ద దిగలేదు.

ముందు ఆ నలుగురి గురించి, వాళ్ల ఆడవాళ్ల గురించి ఏడవాలి కదా. నాకు మాత్రం గరిటే గుర్తొచ్చింది. పదేళ్లు వీపు వెనక నిలబడి అరిచాను. పలకలేదని తిట్టాను, పొగరనుకున్నాను. ఆ నెత్తురు కారే మొహంతో ఆయన ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది, నేను పిలిచానని అప్పుడు గానీ ఆయనకు తెలియలేదు. మీరిద్దరూ ఒట్లు పెట్టుకుని నన్ను మోసం చేశారు. ఒక్క మాట చెప్పి ఉంటే ఎదురుగా వచ్చి మాట్లాడేదాన్ని. అంతకంటే ఏం కావాలి ఆ మనిషికి? జాలి పడతానట! నిన్ను నేను క్షమించలేదు. ఆయన్ని కూడా ఇంకా క్షమించలేదు.

నాలుగో రోజు, ఆసుపత్రి నుంచి ఊరికి తిరిగొచ్చిన గోవిందసామి ఇంటికి పోయాను. వాడు కంటికి కట్టుతో, నేను చేతికి కట్టుతో, ఎదురెదురుగా కూర్చున్నాం. జాబు మొత్తం చదివాను. ఇంకోతూరి చదువు అన్నాడు. చదివాను. వేలు వెక్కిరించాడని రాసిన చోట ఆపమన్నాడు.

"మా వోడు అట్టనే అనుంటాడు. వాడి నోరే అంత" అన్నాడు.

లేచి సమ్మెట తీసుకుని బయటికి పోయాడు. నీ కోసం మద్రాసు బయలుదేరాడనుకుని వెంటపడ్డాను. వాడు రెండో గని దగ్గరికి పోయి, షిఫ్టు గంటకు వేలాడదీసిన పాత రైలు పట్టా ఉంది కదా, దాన్ని కొట్టడం మొదలుపెట్టాడు. అరచేతులు చిట్లి సమ్మెట కర్ర నెత్తురైంది, ఆపలేదు. పనిలో ఉన్నవాళ్లందరూ గని పేలిందేమోనని పరిగెత్తుకొచ్చారు. వాళ్లు వచ్చాక నా వైపు తిరిగి చదువు అన్నాడు. అందరికీ చదివాను. యతిరాజులు పెళ్లాం నా మొహాన ఉమ్మింది. నీ మీద ఉమ్మాల్సింది, నువ్వు లేవు కాబట్టి నేను తుడుచుకున్నాను. అమ్మాసి కొడుకులు నిన్ను నరుకుతామన్నారు. గోవిందసామే వాళ్లను పట్టి ఆపాడు.

వాళ్లు తేల్చింది రాస్తున్నాను. ఐదు పేర్లూ ఉంటాయి. పగిలిన అక్షరం బాగు చేయించవద్దు, అలాగే ఉండనీ అన్నాడు గోవిందసామి. జూన్ పదకొండు శుక్రవారం పొద్దున రాయి నిలబెడతాం. నువ్వే తేవాలి. వేరేవాళ్ల చేత పంపితే దాన్ని గనిలో తోసేస్తారు.

గని నోటి దగ్గర ఎనిమిది గులకరాళ్లు ఏరి పెట్టాం. తొమ్మిదోది నీ దగ్గరుంది, తీసుకురా. గోవిందసామి పట్టా మీద సమ్మెటతో కొడతాడు. నువ్వు అందరి ముందరా, ఎప్పుడూ బావ నిలబడే చోట నిలబడి, ఒక్కో దెబ్బకు ఒక్కో రాయి పడెయ్యాలి. చివర లెక్క గట్టిగా చెప్పాలి. ఎన్ని కొడతాడో వాడు నాకు చెప్పలేదు. నేను అడగలేదు కూడా. సమ్మెట వాడి చేతిలో ఉంటుంది, అమ్మాసి కొడుకులు వాడి వెనక ఉంటారు. నీ ప్రాణానికి నేను హామీ పడలేను. రాకపోతే నిన్ను ఎవరూ వెతకరు, అది కూడా చెబుతున్నాను.

వస్తే నేను నీ వెనకే నిలబడతాను. భుజం మీద చెయ్యి మాత్రం వెయ్యను. ఎన్ని వినపడితే అన్నే చెప్పు.

దీవెనలు ఈసారి రాయలేదు.

ఆదిమూలం భార్య
చెంగమ్మ